రాజుగారి మరణము – రైతుల పద్దు

రాజు బ్రతికియున్నంతకాలము ప్రజలు అతనికి పన్ను కట్టుదురు. రాజు చనిపోయిన పిమ్మట కథలు కట్టుదురు. పన్ను బలవంతముగా వసూలు చేయబడునది. కథ మనమే ఇష్టపూర్వకముగా ఇచ్చుకొనునది. మొదటిదానివలన ఒక తరము చెడును. రెండవదానివలన రాబోవు తరములన్నియు చెడును. ఈ రెండవ పన్నును మన తెలుగు ఇండ్లలో ఇంకను చెల్లించుచునే యున్నారనుటయే మా ఫిర్యాదు.

2022 సెప్టెంబరు 8వ తేదీన ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్ మరణించెను. అదే నెల 11వ తేదీన మన దేశమంతట సంతాపదినము పాటింపబడి జాతీయపతాకము అవనతము చేయబడెను. కొన్ని నెలలకే, 2023 జనవరి 14న, నైజాముగారి మనుమడు ముకర్రం జా ఇస్తాంబులులో చనిపోగా, ఆయన దేహమును హైదరాబాదునకు తెచ్చి ప్రభుత్వలాంఛనములతో మక్కా మసీదునందు ఖననము గావించిరి. మరణించినవారిని గౌరవించుట మర్యాదయే. అందులకు మేమెంతమాత్రమును అడ్డుచెప్పము. చచ్చినవాని కండ్లు చారెడు అని మన పెద్దలు నవ్వుచునే అన్నారు. కాని ఆ చారెడు కండ్లను మెచ్చుకొనుచు, బ్రతికినన్నాళ్లు అవి ఏమి చూచినవో, ఏమి చూడనొల్లక మూసికొన్నవో అడుగుట మానుకొన్నచో అది మర్యాద కాదు, మతిమరుపు.

ఈ మతిమరుపునకు 1967 ఫిబ్రవరి 24వ తేదీ ముఖ్యమైన దినము. ఆనాడు హైదరాబాదు కింగుకోఠీ భవనమందు ఏడవ నైజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 80 యేండ్ల వయస్సున కన్నుమూసెను. ఆయన 1911 ఆగస్టు మొదలు 1948 సెప్టెంబరు వరకు 37 సంవత్సరములు ఏలిక. 1950 జనవరి 26 మొదలు 1956 అక్టోబరు 31 వరకు రాజప్రముఖుడు. కడపటి పదియేండ్లు ఏ పదవియు లేని గృహస్థుడు. రాష్ట్రప్రభుత్వము సంతాపము ప్రకటించెను. అంత్యయాత్రకు నగరము కదలివచ్చెను. మక్కా మసీదులో ప్రార్థనలు జరిగిన పిమ్మట కింగుకోఠీ కెదురుగానున్న జూదీ మసీదులో, తల్లి సమాధి చెంత, ఆయనను ఖననము చేసిరి. ఆ జనసమ్మర్దమును చూపి నేటికిని కొందరు, "ప్రజలింతగా ఏడ్చినారే, ఆయన చెడ్డరాజెట్లగును?" అని ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్నకు హైదరాబాదు వీధులలో సమాధానము వెదకరాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తట్టు పల్లెలలో వెదకవలెను. ఏలయనగా, రాజుగారి ఇచ్చుచేయి నగరము చూచినది. పుచ్చుకొనుచేయి పల్లెలు చూచినవి.

సూర్యాపేటనుండి కోదాడకు పోవు బాట ఒక విచిత్రమైన పాఠము చెప్పును. ఈ రెంటి నడుమ మునగాల పరగణా, చుట్టును నైజాము రాజ్యముండగా, తాను మాత్రము ఇంగ్లీషువారి చెన్నపురి రాజధానికి, కృష్ణాజిల్లాకు చేరియుండెను. అనగా ఆ బాటను బండి తోలుకొనిపోవు రైతు నైజాముగారి ఏలుబడిలో బయలుదేరి, ఇంగ్లండు రాజుగారి ఏలుబడిలో ఎద్దులకు నీరుపెట్టి, మరల నైజాముగారి ఏలుబడిలో దిగుచుండెను. ఒకచోట చార్మినారు ముద్రగల హాలీ సిక్కా. మరియొకచోట జార్జిరాజు తలగల కల్దారు రూపాయి. నాణెముపైని బొమ్మ మారినది గాని దానిని చెమటోడ్చి సంపాదించు చేయి మారలేదు. మునగాల జమీందారు నాయని వెంకట రంగారావుగారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకును, 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టుటకును తోడ్పడిన మహనీయుడు. ఆయన జమీందారీలోనే 1930 దశాబ్దమున రైతులు జమీందారీ వసూళ్లకును వెట్టికిని ఎదురుతిరిగి ఉద్యమింపవలసివచ్చెను. పుస్తకములకిచ్చిన దానము పొలమునుండి తీసికొన్నదానిని చెల్లువేయజాలదని ఆ పరగణా మనకు నేర్పుచున్నది. మేము నైజాముగారికి పట్టు తక్కెడయు ఇదియే, వేరొకటి కాదు.

రాజుల మరణకథలు ఎట్లు తయారగునో తెలిసికొనుటకు ఆ రెండవ రాజుగారినే చూడుడు. అయిదవ జార్జి 1936 జనవరి 20వ తేదీ రాత్రి సాండ్రింగుహామ్ భవనమున మరణించెను. రాజుగారి ప్రాణము ప్రశాంతముగా తనంత తాను పోయినదని లోకమంతయు నమ్మినది. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 1986లో, రాజవైద్యుడు డాసన్ ప్రభువు వ్రాసికొన్న కాగితములు బయటపడినవి. మార్ఫీనును కొకెయినును సూదిమందుగా ఎక్కించి మరణమును తానే త్వరపరచితినని ఆయన వ్రాసికొనియుండెను. మరణవార్త సాయంకాలపు పత్రికలకు చిక్కక, పెద్దమనుష్యులు చదువు ఉదయపు పత్రికలో ముందుగా రావలెనన్నది ఆ త్వరకొక కారణమట! మరణఘడియను సయితము పత్రిక వేళకు దిద్దగల రాజభవనము, బ్రతుకుకథను దిద్దదని నమ్ముటెట్లు?

మన నైజాముగారి కడపటి యేండ్లచుట్టును ఇట్టి దిద్దుబాటే జరిగినది. అందు మొదటిది బంగారు కథ. 1965లో పాకిస్థానుతో యుద్ధము వచ్చినప్పుడు ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రిగారు కోరగా నైజాముగారు 5,000 కిలోల బంగారమును దేశరక్షణకు దానము చేసినారని ఇంటింట చెప్పుకొనుచున్నారు. సమాచారహక్కు చట్టము క్రింద అడిగినవారికి ప్రభుత్వము తెలిపిన దేమి? 1965 అక్టోబరులో ఆయన జాతీయరక్షణ స్వర్ణపథకమున పెట్టినది 425 కిలోలు. అదియు దానము కాదు. వడ్డీ వచ్చు పెట్టుబడి. అక్కరకాలమున పెట్టిన పెట్టుబడియు దేశమునకు ఉపకారమే. దానిని మేము తక్కువచేయము. కాని పెట్టుబడిని దానమనుటయు, 425ను 5,000 అనుటయు చరిత్ర కాదు, భట్రాజు పొగడ్త. ఆ బంగారమును పన్నులుగాను, కౌళ్లుగాను కూడబెట్టియిచ్చిన పల్లెల పేరు ఆ కథలో ఒక్కసారియైనను వినబడదు.

రెండవది పేదరికపు కథ. ఆయన చిరిగిన టోపీ పెట్టుకొనెడివాడనియు, మాసిన షేర్వానీతో తిరిగెడివాడనియు, అది గొప్ప వైరాగ్యమనియు చెప్పుదురు. 1937 ఫిబ్రవరిలో అమెరికా దేశపు టైమ్ పత్రిక లోకమున కెల్ల ధనవంతుడని ఆయన బొమ్మను అట్టమీద వేసినది. 1950 దశాబ్దమున ఆయన తన నగలను, నిధులను ట్రస్టులుగా కట్టి వంశమువారికి భద్రపరచెను. ఆ నగలలో 173ను మన ప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలిచ్చి కొనవలసివచ్చెను. కాగితములపై బరువుగా ఆయన వాడెనని చెప్పు జాకబు వజ్రము వానిలోనిదే. ఇంత సొమ్ము దాచుకొని చిరిగిన టోపీ పెట్టుకొనుట లోభమనిపించుకొనునుగాని వైరాగ్యమనిపించుకొనదు. చిరిగినబట్ట కట్టక తప్పనివాని బ్రతుకు వేరు, కట్టవలెనని ముచ్చటపడినవాని బ్రతుకు వేరు. మొదటివారు ఆయన రాజ్యమున లక్షలుగా నుండిరి. వారిని ఏ పత్రికయు అట్టమీద వేయలేదు.

ఇక రెండు పద్దులను చదువరుల యెదుట పెట్టుచున్నాము. 1947 నవంబరు 20న ఇంగ్లండు రాజు ఆరవ జార్జి కుమార్తె ఎలిజబెత్ వివాహమునకు నైజాముగారు వజ్రాలహారమును కానుకగా నిచ్చిరి. ఆ దినములలో నల్లగొండ జిల్లాలో రజాకార్ల మూకలు పల్లెలపై బడుచుండెను. సూర్యాపేట ప్రాంతపు కర్విరాల కొత్తగూడెమున పుట్టిన మల్లు స్వరాజ్యముగారు, ఇరువది యేండ్లయినను నిండకయే, వెట్టికెదురు నిలిచి తుపాకి పట్టవలసిన కాలమది. స్వరాజ్యముగారు 2022 మార్చి 19న కాలధర్మము చెందిరి. హారము పొందిన రాణి అదే సంవత్సరము సెప్టెంబరున మరణించెను. ఈ యిద్దరు వృద్ధస్త్రీలలో ఎవరి కథ మన పిల్లలకు తెలియును? ఈ ప్రశ్నను తల్లులే తమ యిండ్లలో అడిగి చూచుకొందురుగాక.

రెండవ పద్దు లండనులోనిది. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు హైదరాబాదు రాజ్యములో ప్రవేశించెను. 17న నైజాముగారు లొంగిపోయిరి. 20వ తేదీన, ఆయన ప్రభుత్వపు ఖాతానుండి 10,07,940 పౌనులు లండనులోని ఒక బ్యాంకులో పాకిస్థాను హైకమిషనరు పేరికి మారినవి. దీనిని గురించి వ్యాజ్యము సాగి సాగి, 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు తీర్పు చెప్పెను. అప్పటికి ఆ మొత్తము సుమారు మూడున్నర కోట్ల పౌనులైనది. సొమ్ము ఏడవ నైజాముగారిదే యనియు, ఆయన మనుమలకును భారతప్రభుత్వమునకును చెందవలసినదనియు తేలినది. పాకిస్థాను వాదము ఓడినది. మంచిదే. కాని 71 యేండ్ల వ్యాజ్యములో రాజవంశము నిలిచినది, రెండు ప్రభుత్వములు నిలిచినవి. ఆ ఖజానాను నింపిన మిర్యాలగూడ రైతు మాత్రము కక్షిదారుగానైనను నిలువలేదు. న్యాయస్థానములో నిలువజాలనివాడు చరిత్రలోనైనను నిలువవలదా?

ఇక ప్రతిపక్షుల ఆక్షేపణలకు వత్తము. "ఉస్మానియా ఆసుపత్రి కట్టించలేదా? హైకోర్టు కట్టించలేదా? మూసీ వరదలనుండి నగరమును కాచిన ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము ఎవరి కాలమున వచ్చినవి? నిజాంసాగరము ఎవరిది?" అని అడుగుదురు. అవి యన్నియు ఆయన కాలమున వచ్చినవే. దేశభాషలో పై చదువులు చెప్పవచ్చునని ఉస్మానియా విశ్వవిద్యాలయము నిరూపించినమాటయు నిజమే. కాని ఆ దేశభాష ఏది? ఉర్దూ. రాజ్యమున అందరికన్న ఎక్కువమంది మాటలాడు తెలుగునకు ఆ పీఠము దక్కలేదు. సూర్యాపేట బాలుడు తన తల్లి పలికిన మాటను గుమ్మము బయట విడిచి బడిలో కాలిడవలసివచ్చెను. 1938లో వందేమాతరము పాడినందులకు ఆ విశ్వవిద్యాలయమే విద్యార్థులను వెళ్లగొట్టెను. వారిలో నొకరు తరువాత ఈ దేశమునకు ప్రధానియైన పి. వి. నరసింహారావుగారు. పైగా ప్రజల పన్నుతో కట్టిన ఆసుపత్రి రాజుగారి దానమెట్లగును? మేస్త్రీ కట్టిన ఇంటిని మేస్త్రీ దానమందుమా?

మరికొందరు మరియొక తీరున వాదింతురు. "పల్లెలను పీడించినవారు దేశముఖులు, జాగీర్దారులు, రాజుగారికేమి తెలియును?" అని. దేశముఖులు పీడించిరనుట సత్యము. సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు దేశముఖునకు లక్షా ఏబదివేల ఎకరములుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసియున్నారు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ వెట్టి చేయవలసినదే. దొర కూతును అత్తవారింటికి పంపునప్పుడు పేదవాని కూతును ఆడబాపగా వెంటబంపు దురాచారమును వినిన ఏ గృహిణి మనస్సు కలగదు? కాని ఈ దొరల అధికారమునకు వ్రేళ్లెక్కడ? రాజ్యమున సుమారు పదింట మూడుపాళ్ల భూమి జాగీర్లది. ఒక పాలు సర్ఫెఖాస్, అనగా రాజుగారి సొంతఖర్చులకై విడిచినది. ఏలిక తానే పెద్ద భూస్వామియైనచోట చిన్న భూస్వాములను శిక్షించువారెవరు? బాకీక్రింద బ్రతుకంతయు చాకిరి చేయు భగేలాలను గూర్చి 1936లో నిబంధన చేసిరి. కాగితము మీద విడుదల, కళ్లములో సంకెల. అదే ప్రభుత్వము 1921లో గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుచేత ముందనుమతి లేనిదే సభ జరుపరాదనినది. ఆ ఉత్తరువు మాత్రము కాగితముమీద నిలువక పల్లెపల్లెకు వచ్చినది. వెట్టి మాన్పుటకు చేతగాని చేయి నోరుమూయుటకు ఎంత చురుకుగా లేచినదో చూడుడు. ఐనను 1941లో కోదాడ చెంతనున్న చిలుకూరులో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగెను. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొర మనుష్యుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియయ్యెను. రాజుగారికి తెలియకపోవుటకు ఇవి రహస్యములు కావు.

ఇచ్చట మరియొక పక్షమువారు ముందుకు వచ్చి, "చూచితిరా! తురకరాజు హిందువులను పీడించినాడు" అని చంకలు గుద్దుకొందురు. వీరితోడను మాకు పొత్తులేదు. పీడించిన దేశముఖులలో ఎక్కువమంది హిందువులే. హైదరాబాదు భారతదేశమున కలియవలెనని వ్రాసినందులకు 1948 ఆగస్టులో రజాకార్ల కత్తికి బలియైన సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముసల్మాను. సైనికచర్య తరువాత జరిగిన ఘోరములను విచారింప ప్రభుత్వము పంపిన సుందరలాల్ సంఘము, తక్కువలో తక్కువగా లెక్కించినను 27,000 మొదలు 40,000 మంది వరకు చనిపోయియుందురని వ్రాసెను. వారిలో ఎక్కువమంది రాజసభ నెన్నడు చూడని మామూలు ముసల్మానులు. ఆ నివేదికను దశాబ్దములపాటు వెలికి రానీయలేదు. రాజుగారి తప్పునకు శిక్ష వారు అనుభవించిరి. రాజుగారికి రాజప్రముఖ పదవియు, ఏటేట 50 లక్షల రూపాయల రాజభరణమును దక్కెను. నల్లగొండ ప్రజలకీ వివేకము అప్పుడే యుండెను. రజాకార్ల మంటలు చల్లారి నాలుగేండ్లు గడవకముందే, 1952లో, మిర్యాలగూడ కోదాడల నడుమనున్న హుజూర్‌నగరమువారు మఖ్దూం మొహియుద్దీను అను ఉర్దూ కవిని తమ శాసనసభ్యునిగా ఎన్నుకొనిరి. మతమునుబట్టి కాక పక్షమునుబట్టి మనుష్యుని కొలుచుట ఎట్లో వారిని చూచి నేర్చుకొందము.

ఇట్లు చూడగా 1967వ సంవత్సరము నిజముగా మనకు చెప్పినదేమి? ఆ ఫిబ్రవరి మూడవ వారమున దేశమంతట నాలుగవ సాధారణ ఎన్నికలు జరిగినవి. ఒకప్పుడు సభ జరుపుకొనుటకు సెలవడుగవలసిన సూర్యాపేట రైతు వరుసలో నిలిచి తన ఓటు వేసి వచ్చెను. ఆ తరువాత కొలది దినములకే నైజాముగారు మరణించిరి. అదే సంవత్సరము ఆగస్టు 4న నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడెను. లాల్‌బహదూర్ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల మెట్టచేలను మాగాణులుగా మార్చెను. ఒక రాజు పోయిన యేడే నీరు వచ్చినదని మేము చమత్కారమునకు చెప్పుటలేదు. ఆ నీరు ఏ ప్రభువు కరుణవలనను రాలేదు. ఓటడిగి గెలువవలసిన ప్రభుత్వము కట్టవలసి కట్టిన ఆనకట్టవలన వచ్చినది. అది సరిగ రానిచో ప్రశ్నించుటకు రైతునకు హక్కు గలదు. దానమును ప్రశ్నింపరాదు, హక్కును ప్రశ్నింపవచ్చును. రాజ్యమునకును ప్రజారాజ్యమునకును గల భేదమంతయు ఇందే యున్నది. దానకథలకు మరిగినవారు నేటి మంత్రిగారు వేయించిన రోడ్డునుగూడ దానమనియే తలచి దండములు పెట్టుదురు. మాకు మరణించిన రాజుతో కలహము లేదు. మన మనస్సులలో ఇంకను మరణింపని రాజభక్తితోనే మా కలహము.

మరి అంత్యయాత్రకు వచ్చిన జనుల కన్నీటికి అర్థము లేదా? కలదు. ఆ కన్నీరు వారి మంచితనమునకు సాక్ష్యము. రాజుగారి న్యాయమునకు కాదు. ఎనుబదియేండ్ల వృద్ధుడు చనిపోగా, పగవాడైనను ఒక నిమిషము నిలిచి తలవంచుట మన నేల మర్యాద. ఆ మర్యాదను రసీదుగా మార్చి, బాకీ తీరినదని వ్రాసికొనుటయే అన్యాయము.

కావున చదువరులకు మా విన్నపము మూడు మాటలు. నైజాముగారిని గూర్చిగాని, ఏ జమీందారును గూర్చిగాని దానకథ వినినప్పుడు, ఆ సొమ్మెచ్చటిదని పిల్లలచేత అడిగింపుడు. ఎంతయిచ్చెనని చెప్పినప్పుడు, ఆ అంకె ఏ కాగితమున నున్నదో చూపుమనుడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తట్టు పల్లెలలో వెట్టిని, లెవీగల్లాను, రజాకార్లను కన్నవారు ఇప్పుడు కొలదిమందియే మిగిలియుందురు. వారి మాటలను ఇంటింట వ్రాసి పెట్టుకొనుడు. రాజుల కథలను కాపాడుటకు ట్రస్టులు, భవనములు, ప్రదర్శనశాలలు కలవు. వెట్టివాని కథను కాపాడుటకు అతని మనుమని నోటుపుస్తకము తప్ప వేరొకటి లేదు. ఆ పుస్తకము తెరువబడినదాక రైతుల పద్దు మూయబడలేదనియే మా నిశ్చయము.